సెయింట్ లూసియాలో మెడిసిన్ చదవడానికి అమ్మాయిని పంపొచ్చా? అక్కడ తుపాకీ హత్యలు ఎక్కువంటున్నారు, నిజమేనా?

మీ అమ్మాయికి సెయింట్ లూసియాలో సీటు వచ్చిందని, ఆ పేరు కొట్టి వెతికితే కాల్పుల వార్తలే వస్తున్నాయని, ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టట్లేదని రాశారు. మెడిసిన్‌లో మొదటి భాగమైన బేసిక్ సైన్సెస్ నేను కరీబియన్ సముద్రంలోని ఆ దీవిలోనే చదివానండి. దక్షిణం కొసన వ్యూ ఫోర్ట్ అనే ఊళ్లో అద్దెకుండేదాన్ని. మీ అమ్మాయి దిగబోయే హ్యువనోరా ఎయిర్‌పోర్టు ఆ ఊరి పక్కనే. అందుకని చూసింది చూసినట్టు చెప్తాను.

పంపొచ్చు. కానీ అదంతా మీడియా హడావుడి అని ఏజెంటు కొట్టిపారేస్తే మాత్రం నమ్మకండి. దీవి మొత్తం జనాభా 1.8 లక్షలు, అటూ ఇటూగా మన మచిలీపట్నం అంత. 2021, 2022, 2023 మూడేళ్లూ ఏడాదికి 70కి పైగా హత్యలు జరిగాయి. అందులో ఎక్కువ తుపాకులతో జరిగినవే. అంటే లక్ష మందికి సుమారు 40. మన దేశంలో ఆ లెక్క 2 దగ్గర ఉంటుంది. అంత చిన్నచోట ఎవరు చనిపోయినా, మన పక్కన కూర్చున్నవాళ్లకి బంధువో, బడిలో కలిసి చదివినవాడో అయి ఉంటాడు.

2023 మార్చిలో వ్యూ ఫోర్ట్‌లో వరసగా హత్యలు జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ప్రధాని ఫిలిప్ పియర్ చుట్టుపక్కల దీవుల ఉమ్మడి భద్రతా వ్యవస్థ నుంచి బలగాలను రప్పించారు. ఏదైనా ప్రాంతాన్ని నేరాలు పెరిగిన ప్రాంతంగా ప్రకటించి, అక్కడ పోలీసులకు అదనపు అధికారాలు ఇచ్చేలా చట్టం కూడా తెచ్చారు. సాయంత్రం అయ్యేసరికి దుకాణాల షట్టర్లు దిగిపోయేవి. మినీబస్సులో ఎప్పుడూ మోగే పాటలు కూడా ఆపేశారు. మేం తలుపులేసుకుని చదువుకున్నాం. మా జోలికి ఎవరూ రాలేదు.

ఎందుకు రాలేదంటే, అక్కడ చచ్చేదీ చంపేదీ ఎక్కువగా పేద పేటల్లోని కుర్రాళ్లే. ఈ పేటవాడు ఆ పేటవాణ్ణి చంపితే వాళ్లు వీళ్లలో ఒకణ్ణి చంపుతారు. మా ఇంటి ఓనరమ్మ అక్కకొడుకు అలాగే పోయాడు. అంతకుముందు నెలే మా వంటింటి కుళాయి బాగుచేసి, డబ్బులిస్తే వద్దని నవ్వుతూ వెళ్లినవాడు. ఆవిడ నెలల తరబడి రాత్రి పూట వరండా లైటు ఆర్పలేదు. అక్కడివాళ్లను రౌడీలన్నట్టు ఎవరైనా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ తుపాకుల వల్ల అందరికంటే ఎక్కువ పోగొట్టుకుంటున్నది ఆ తల్లులే.

ఇంతకీ ఆ దీవిలో తుపాకులు తయారుచేసే ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. మరి ఎక్కడి నుంచి వస్తున్నాయి? చాలావరకు అమెరికా నుంచే. కరీబియన్‌లో 2018 నుంచి 2022 దాకా దొరికి, ఎక్కడివో ఆరా తీయడానికి పంపిన తుపాకుల్లో 73 శాతం అమెరికావేనని ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2024లో తేల్చింది. ఎక్కువగా ఫ్లోరిడా నుంచి వస్తాయి. దారి కూడా చెప్తాను. అమెరికాలో ఉన్న బంధువులు క్రిస్మస్‌కి ఇంటికి డ్రమ్ములు పంపిస్తారు. వాటిని బ్యారెల్ అంటారు. మా ఇంటి ఓనరమ్మకు వచ్చిన డ్రమ్ము విప్పుతుంటే నేనూ పక్కనే కూర్చున్నాను. బియ్యం, నూనె డబ్బాలు, సబ్బులు, పిల్లలకు స్కూలు బూట్లు, సందుల్లో కుక్కిన తువ్వాళ్లు. నాకూ ఒక షాంపూ సీసా ఇచ్చింది. పండగ రోజుల్లో వీటికి సుంకం మినహాయింపు కూడా ఉంటుంది. వేల ఇళ్లకు ఆసరాగా ఉన్న ఈ దారిలోనే కొందరు పిస్టళ్లను ఏ భాగానికి ఆ భాగం విడదీసి, సరుకుల మధ్య దాచి పంపుతున్నారు. మామూలు పిస్టల్‌ని మెషిన్‌గన్‌లా పేల్చే చిన్న ముక్కలూ అలాగే వస్తున్నాయి. ప్రతి డ్రమ్మునూ విప్పి చూడటం చిన్న దేశపు కస్టమ్స్ వల్ల అయ్యే పని కాదు. పంపేచోటే ఆపాలి. 2023 ఏప్రిల్‌లో కరీబియన్ దేశాల నాయకులు ట్రినిడాడ్‌లో కూర్చుని అమెరికాను అడిగింది కూడా ఇదే.

పోలీసులేం చేస్తున్నారని అడుగుతారు. 2010, 2011లో పోలీసుల చేతిలో 12 మంది చనిపోయారు. అవి కట్టుకథలల్లిన ఎన్‌కౌంటర్లని, శవాల దగ్గర తుపాకులు పోలీసులే పెట్టారని ప్రాంతీయ దర్యాప్తు బృందం చెప్పిన విషయాన్ని 2015లో అప్పటి ప్రధాని కెన్నీ ఆంథొనీ స్వయంగా ప్రజలకు వెల్లడించారు. అమెరికా అప్పటికే ఆ పోలీసులకు సాయం ఆపేసింది. అలాంటప్పుడు కళ్లారా చూసినవాడైనా సాక్ష్యం చెప్పడానికి ఎలా ముందుకొస్తాడు? సాక్షి ఇల్లు హంతకుడికీ తెలుసు, వాళ్లమ్మకీ తెలుసు. దాక్కోవడానికి దూరపు ఊరు కూడా ఉండదు.

ఇక మీ అమ్మాయి సంగతి. విద్యార్థులకు రోజువారీ బెడద ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పోవడం, చీకటిపడ్డాక దోపిడీలు. తప్పిపోయిన తూటా ఎవరికైనా తగలొచ్చు, అది నేను దాచను. అందుకే అద్దె తక్కువని దూరంగా ఇల్లు తీసుకోవద్దు. కాలేజీ బస్సు ఆగేచోటే ఉండాలి. రాత్రి పూట నడక వద్దు, తెలిసిన టాక్సీవాడి నంబరు పెట్టుకోవాలి. శుక్రవారం రాత్రి గ్రోస్ ఐలెట్ అనే ఊళ్లో జరిగే వీధి పండగ బాగుంటుంది, గుంపుగా వెళ్లి గుంపుగానే, పెందరాళే తిరిగి రావాలి. ఎవరైనా సరదాగా గంజాయి ఇస్తే దూరం జరగమనండి. అది అమ్మేవాళ్ల గొడవల్లోకి తెలియకుండానే లాగేస్తుంది.

కాలేజీని మూడు అడగండి: ఆఖరి బస్సు ఎన్నింటికి, కాల్పులు జరిగితే పిల్లలకు కబురు ఎలా అందుతుంది, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు. ఫీజు కట్టేముందే వీటికి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఇల్లు ఏ పేటలో చూశారో తెలిశాక కింద రాయండి. నాకు తెలిసిన చోటైతే ఎలా ఉంటుందో చెప్తాను.