చెక్ భాష నేర్చుకుంటే ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఇంగ్లిష్ రెండో సంవత్సరం చదువుతోంది. ఉత్సాహం, ఆత్రుత వంటి భావాలను తెలిపే ఇంగ్లిష్ మాటలను, జాతీయాలను చెక్ అర్థాలతో సహా కంఠస్థం చేస్తోంది. ఇంగ్లిష్–చెక్ అనువాదకురాలిని అవుతానంటోంది. ఆమెను ప్రోత్సహించవచ్చా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: తప్పకుండా ప్రోత్సహించండి. అయితే అనువాదకులు సాధారణంగా తమ మాతృభాషలోకే అనువదిస్తారు కనుక, ఇంగ్లిష్ నుంచి చెక్‌లోకి చేసే పని ఎక్కువగా చెక్ దేశీయులకే దక్కుతుందని ఆమెకు ఇప్పుడే తెలియాలి. అకౌంటింగ్, సాఫ్ట్‌వేర్ వంటి మరో నైపుణ్యానికి చెక్ తోడైతేనే ఉద్యోగావకాశాలు పెరుగుతాయని నా అభిప్రాయం.

ఆమె ఎంచుకున్న మాటలు మంచివే కానీ, పట్టికగా చదివితే పొరపాట్లకు దారితీస్తాయి. ‘ఎక్సైటెడ్’ అనే మాటకు నిఘంటువులో ‘వ్జ్రుషెనీ’ అని కనిపిస్తుంది. కొత్త ఉద్యోగం కోసం సంతోషంగా ఎదురుచూస్తున్నానని చెప్పబోయి ఆ మాట వాడితే లైంగికోద్రేకమనే అర్థం స్ఫురించవచ్చు, అందుకే చెక్‌లు అక్కడ ‘త్యెషీమ్ సె’ అంటారు. ‘ఆన్ పిన్స్ అండ్ నీడిల్స్’ మాత్రం తేలికగానే ‘యాకో నా యెహ్లాఖ్’ అవుతుంది, అంటే సూదుల మీద ఉన్నట్టు. మనం ముళ్ల మీద కూర్చున్నట్టు అంటాం. పట్టలేని సంతోషాన్ని తెలిపే ‘ఓవర్ ద మూన్’ అన్నచోట చెక్‌లో ఏడో స్వర్గంలో ఉన్నానంటారు. ఏడో స్వర్గం ‘సెద్మే నెబె’ అయితే, ‘ఏడో స్వర్గంలో’ అన్నప్పుడు అది ‘వ్ సెద్మేమ్ నెబి’గా మారుతుంది. ఏడు విభక్తులు, మూడు లింగాలు ఉన్న ఆ భాషలో విశేషణం, నామవాచకం రెండూ ఇలా రూపం మార్చుకుంటాయి కనుక, ప్రతి జాతీయాన్నీ ఒక పూర్తి వాక్యంలో రాసుకోమనండి.

చదువు విషయంలో ఒక గొప్ప వెసులుబాటు ఉంది. చెక్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెక్ మాధ్యమంలో చదివితే విదేశీయులకు కూడా ట్యూషన్ ఫీజు ఉండదు. ఇంగ్లిష్ మాధ్యమ కోర్సులకు మాత్రం ఫీజు కట్టాలి. చెక్ రాజధాని ప్రాగ్‌లో 1348లో స్థాపితమైన చార్ల్స్ విశ్వవిద్యాలయం ఏ1 (ప్రారంభ స్థాయి) నుంచి సీ1 (ఉన్నత స్థాయి) వరకు చెక్ భాషా ధ్రువీకరణ పరీక్షలు నిర్వహిస్తుంది. ప్రవేశానికి తరచుగా బీ2 స్థాయి అడుగుతారు. సున్నా నుంచి అక్కడికి చేరడం మన విద్యార్థులకు చాలా కష్టమైన పని. ఫీజు లేకపోయినా నివాస ఖర్చులు మీవే. వీసాకు తగినంత డబ్బు ఉన్నట్టు ఆధారాలు చూపాలి, ఇక్కడి డిగ్రీకి అక్కడ గుర్తింపు పొందే ప్రక్రియ కూడా ఉంటుంది. మన దేశంలోనే నేర్చుకోవాలంటే ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని స్లావిక్ భాషల విభాగంలో విచారించండి.

డిగ్రీ పూర్తయ్యేలోగా ఆమె ఏ2 స్థాయి సాధించి, దానితోపాటు అకౌంటింగ్ కోర్సు ఒకటి ముగించాలని నా సూచన. అప్పటికీ ఆసక్తి ఇలాగే ఉంటే ప్రాగ్ చదువు కోసం డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టండి. అంతకు ముందు అప్పు చేయవద్దు.