గింజలకొచ్చే బుల్లి పిట్టలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఐదో అంతస్తులో ఉంటాం. బాల్కనీలో గింజల డబ్బా కడితే పిచ్చుక కన్నా చిన్న పిట్టలు గుంపుగా వస్తున్నాయి. కొన్నిటికి రొమ్ము మీద పొలుసుల్లాంటి గీతలున్నాయి, కొన్ని ఒట్టి మట్టిరంగు. ఫోన్‌లో యాప్ ఒకసారి ఫించ్ అంటుంది, ఒకసారి ఆడ పిచ్చుక అంటుంది. ఇవి రెండు జాతులా?

జవాబు: ఒకటే జాతి అయ్యుంటుంది. పొలుసులున్నవి చుక్కల మునియాలు, మట్టిరంగువి వాటి పిల్లలు. మునియాలకు జినువాయి అని మన పేరూ ఉంది. ఫించ్ అని పిలిచినా అసలు ఫించ్‌ల కుటుంబం వేరు.

రంగు కన్నా ముందు ముక్కు చూడండి. చుక్కల మునియాకు పొట్టిగా, మందంగా, నల్లబూడిద రంగులో ఉంటుంది. ఎదిగినదానికి ముఖం, గొంతు చింతపిక్క రంగు. పిల్లలకు పొలుసులు ఈకలు మారేటప్పుడు వస్తాయి కాబట్టి రొమ్ము సగం పొలుసులతో, సగం ఒట్టి మట్టిరంగులో ఉన్నవీ కనిపిస్తాయి. అవేవో కొత్త జాతి అనుకోకండి. మగ, ఆడ పైకి ఒకేలా ఉంటాయి, పాడేది మగదే.

ముక్కు వెండిబూడిదగా, ఒళ్ళు ఇసుక రంగులో, తోక నల్లగా మొనతేలి ఉంటే అది వెండిముక్కు మునియా. తోక మొదట్లో తెలుపు దీనికీ ఉంటుంది, తెల్లనడుము మునియాకూ ఉంటుంది. కానీ రెండోదాని గొంతు, వీపు బాగా ముదురు. తలంతా నల్లగా, వీపు ఇటుకరంగులో ఉంటే నల్లతల మునియా. అది చెరువుగట్టు గడ్డిలో తిరిగే పిట్ట, బాల్కనీకి రావడం అరుదు.

ఆడ పిచ్చుకకు కంటి వెనక లేత పట్టీ, వీపు మీద స్పష్టమైన నల్లచారలు ఉంటాయి. మునియా సుమారు 11 సెం.మీ., పిచ్చుక 15. రెండూ పక్కపక్కన వాలితే ఇక యాప్‌తో పనిలేదు.

ప్రశ్న: డబ్బా నిండుగానే ఉంటోంది, పిట్టలు మాత్రం రావడం మానేశాయి. ఎందుకు?

జవాబు: పైన ఊది చూడండి. సగం ఎగిరిపోతే అది గింజ కాదు, పొట్టు. మునియా గింజను ముక్కు అంచున పెట్టి దొర్లిస్తుంది, పొట్టు పక్కనుంచి రాలుతుంది, పప్పు లోపలికి పోతుంది. పళ్ళెంలో పెడితే ఆ పొట్టంతా గింజల మీదే పేరుకుంటుంది. రోజూ ఊదేసి, పొద్దున రెండు చెంచాలు మాత్రమే వేయండి.

పొట్టు తీయని కొర్రలు, సామలు తెండి. కిరాణా కొట్లో అమ్మే కొర్ర బియ్యం దంచినవి, తేమ తగిలితే త్వరగా బూజు పడతాయి. గింజలు గడ్డకట్టినా, ముక్కవాసన వచ్చినా మొత్తం పారేయాల్సిందే, ఎండబెట్టి మళ్ళీ వేయొద్దు. వానాకాలంలో డబ్బాను వారానికోసారి ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, వాసన పోయేదాకా కడిగి, పూర్తిగా ఆరాకే నింపండి.

పావురాలు వస్తున్నాయంటే పళ్ళెమే కారణం. సన్న రంధ్రాలు, పొట్టి పుల్లలు ఉన్న గొట్టం డబ్బా కడితే వాటికి నిలబడే చోటు ఉండదు. కింద వెడల్పాటి మూత ఒకటి బిగిస్తే కింది ఇంటివాళ్ళ ఆరేసిన బట్టల మీద పొట్టు పడదు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పిట్టల గొడవ ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: ఎర్రముక్కు పిట్ట ఒక్కటే వచ్చింది, మనిషికి బెదరడం లేదు. ఎర్ర మునియానా?

జవాబు: తోక పైభాగం చూడండి. నలుపు తెలుపు అడ్డపట్టీలు, కంటి కింద కన్నీటిచారలాంటి నల్లగీత ఉంటే అది ఆస్ట్రేలియా జీబ్రా ఫించ్, ఎవరి పంజరంలోంచో తప్పించుకొచ్చింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టండి. నడుము ఎర్రగా, రెక్కల మీద తెల్లచుక్కలుంటే ఎర్ర మునియానే. దాన్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొర్రలు వేసి వదిలేయండి.