ఐదో పేజీలో ఆ రెండు వాక్యాలు

అమ్మాయీ,

నీ కథ అందింది. మూడుసార్లు చదివాను. భాష బాగుంది. చివరి పేజీ చదివితే కోపం వచ్చింది, ఐదో పేజీ దగ్గర కళ్లనీళ్లు ఆగలేదు. ఈ ఉత్తరం ఆ రెండింటి గురించే.

ముందు కోపం సంగతి. నీ సుజాత, మొగుడు చెయ్యి చేసుకున్న రాత్రి, పేజీన్నర మాట్లాడుతుంది. తర్వాత సూట్‌కేసు పట్టుకుని గడప దాటుతుంది. తూరుపు ఎర్రబడుతుంది, కథ అయిపోతుంది. ఆ సూట్‌కేసుతో ఎక్కడికి వెళ్లింది? ఆటోకి డబ్బులు ఎక్కడివి? ఉద్యోగం చేస్తోందన్నావు, మరి ఆమె ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? అద్దెకి ఇల్లు అడిగితే "మీవారు ఏం చేస్తారమ్మా" అనే ఓనరుకి ఏం చెప్పింది? నిజంగా ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లతో ఒక పూట కూర్చో. ఆ తెల్లవారడం ఎంత కష్టమో వాళ్లు చెప్తారు.

తప్పు నీ ఒక్కదానిదే అనను. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, పత్రికలవాళ్లు ఈ ముగింపుకే అలవాటుపడ్డారు. మార్చి వస్తోందంటే ఫోన్లు. "మహిళా దినోత్సవం సంచికకి ఒక కథ కావాలి మేడమ్, పాజిటివ్‌గా ముగించండి" అంటారు. మిగతా పదకొండు నెలలూ ఆడవాళ్ల గొడవ వాళ్లకి పట్టదు. ఆ సంచికల కోసం రాసీ రాసీ మంచి రచయిత్రులు కూడా ఉపన్యాసాలకి దిగిపోయారు. నువ్వు ఆ దారి పట్టకు.

ఇక ఐదో పేజీ. "మామయ్యలు తెచ్చిన కాగితాల మీద అమ్మ సంతకం పెట్టింది. వాళ్లు ఆకుపచ్చ చీర పెట్టారు." అంతే, రెండు వాక్యాలు రాసి వంటింట్లో పోపు వాసనలోకి వెళ్లిపోయావు. నేను మాత్రం అక్కడి నుంచి కదల్లేకపోయాను.

ఆ కాగితం నాకు తెలుసు. హక్కు విడుదల దస్తావేజు, అంటే పుట్టింటి ఆస్తిలో నా వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం. నేనూ పెట్టాను ఆ సంతకం, 1991లో, నాన్న పోయిన ఏడాదికి. నా పెళ్లి 1983లో అయింది, చెల్లి పెళ్లి 1988లో. మధ్యలో మన రాష్ట్రం చట్టం చేసింది, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే వాటా అని. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అయితే అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి వర్తించదన్నారు. ఒకే తండ్రికి పుట్టాం, ఒకే మంచం మీద పడుకుని పెరిగాం. చెల్లికి అన్నయ్యతో సమానంగా వాటా వచ్చింది, నాకు నాన్న వాటాలో వచ్చే ముక్క మిగిలింది. చివరికి ఇద్దరం ఒకే రోజు, ఒకే బల్ల ముందు నిలబడి ఉన్నది కాస్తా రాసిచ్చేశాం.

రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు లేఖరి గడగడా చదువుతున్నాడు. "నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా..." చెల్లి డిగ్రీ చదివింది. ఆ పిల్ల ఇందులో ఏముందని అడగలేదు, "ఎక్కడ పెట్టాలి?" అని మాత్రం అడిగింది. చదువుకున్నా సరే ఎడమ బొటనవేలి ముద్ర వెయ్యాలి. సిరా తుడుచుకోవడానికి గుడ్డ లేదు. పక్కన గోడంతా నల్లటి వేలి మరకలు, మనిషి భుజం ఎత్తు దాకా. మేమూ అక్కడే తుడిచాం. బయటికి వచ్చాక అన్నయ్య చెరో చీర ఇచ్చాడు.

అమాయకత్వంతో పెట్టామనుకోకు. రేపు మొగుడు వెళ్లగొడితే వెళ్లడానికి ఒక గుమ్మం ఉండాలి కదా, అన్నయ్యతో చెడితే ఆ గుమ్మం కూడా మూసుకుపోతుందని భయం. ఆ ఇంటికి రాకపోకలు ఉండాలని ఆ ఇంటి మీద హక్కు వదులుకున్నాం. కట్నం ఇచ్చాం కదా, పసుపు కుంకుమలు పెట్టాం కదా, ఇంకా వాటా ఏమిటి అని ఊళ్లో అందరూ ఒకే మాట. ఆ కట్నం మా చేతుల్లోకి ఏనాడూ రాలేదని ఎవరికీ తోచలేదు.

ఇదంతా కథగా రాసి అప్పట్లో పేరున్న ఒక వారపత్రికకి పంపాను. ఎడిటర్ తిప్పి పంపుతూ, ఆస్తి తగాదాలు కథావస్తువు కాదమ్మా, అన్నాచెల్లెళ్ల అనురాగం మీద రాయండి, రాఖీ సంచికకి వేస్తాను అని రాశాడు. ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ మాట నమ్మి కొన్నాళ్లు అనురాగాలే రాశాను. ఆ రాతల మీద నాకు ఇప్పటికీ బాధే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని పేపర్లో చదివాక కళ్లు తెరుచుకున్నాయి. వాళ్లు స్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. కూలి డబ్బు ఇంటికి రాకుండా సారా కొట్టుకి పోతోంది, ఆ కొట్టు తియ్యండి అన్నారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది, 1993 అక్టోబర్‌లో ప్రభుత్వం సారా నిషేధించింది. డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఇల్లు ఎవరి పేర ఉంది, పాస్ పుస్తకంలో ఫోటో ఎవరిది అన్నది లేకుండా ఆడదాని స్వేచ్ఛ గురించి కథ రాయడం కుదరదు. ఇది ఎన్ని సభల్లో చెప్పానో, ఎంతమంది ముఖం తిప్పుకున్నారో. నీకూ చెప్తున్నాను.

నీ కథలో అమ్మ ఏ సంవత్సరంలో సంతకం పెట్టింది? అది రాయలేదు నువ్వు. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతా పెళ్లయిన కూతురికీ సమాన వాటా ఉంది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలన్న పట్టింపు కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిపోయిన పంపకాల జోలికి మాత్రం ఆ చట్టం పోదు, కాబట్టి నాది తిరిగిరాదు. నీ కథలోని అమ్మ ఆ సంతకం 2005 తర్వాత పెట్టి ఉంటే, అంత హక్కు చేతిలో ఉండి వదులుకుందన్నమాట. చట్టం వచ్చాకే అన్నదమ్ములకి అక్కచెల్లెళ్ల సంతకంతో పని పెరిగింది. పొలం అమ్మాలన్నా లోను తీసుకోవాలన్నా ఆ సంతకం కావాలి. అందుకే చీరలు పట్టుకుని వస్తున్నారు.

ఇప్పుడు చూడు. సుజాత ఆ రాత్రి సూట్‌కేసుతో అమ్మ దగ్గరికి ఎందుకు వెళ్లలేదు? అమ్మకి తనదంటూ ఇల్లు లేదు కాబట్టి. ఎందుకు లేదో ఐదో పేజీలో నువ్వే రాశావు. రాసి, చూడకుండా దాటిపోయావు.

మాండలికం గురించీ, పుస్తకం వెయ్యడం గురించీ అడిగావు, అవి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ఉపన్యాసం మొత్తం కొట్టెయ్. ఆ కాగితం ఎవరు రాశారు, మామయ్యలు ఏ వేళకి వచ్చారు, అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివిందా, నాన్న ఆ టైములో ఎటు పోయాడు, ఆ ఆకుపచ్చ చీర ఆవిడ ఒక్కసారైనా కట్టిందా, ఇవి రాయి. ఎన్ని పేజీలైనా ఫర్వాలేదు. రాశాక నాకు పోస్టులోనే పంపు, అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీయించు. చిన్నవి ఈమధ్య నాకు కనిపించడం లేదు.

ఆశీస్సులతో,
మీ అక్కయ్య