టెక్ సందేహాలు: ‘ఉప్పు’ ఎందుకు ‘ఉపు’ అవుతోంది?

ఈ వారం నాలుగు ఉత్తరాలు ఒకే విషయం మీద వచ్చాయి: వీడియో ఎడిటింగ్‌లో క్లిప్పు కింద కనిపించే ఆడియో వేవ్‌ఫామ్, అంటే శబ్దం పెరిగితే లేచి, తగ్గితే దిగే గీత. మొదటి ప్రశ్నకి ఎక్కువ చోటు ఇస్తున్నాను. తెలుగులో మాట్లాడుతూ వీడియోలు చేసే ఎవరికైనా అది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే.

ప్రశ్న: వంటల వీడియోలు చేస్తాను. మాటల మధ్య ఖాళీలను సాఫ్ట్‌వేరే కత్తిరించే ఆప్షన్ వాడుతున్నాను. వీడియో చురుగ్గా సాగాలని ఖాళీ నిడివిని 0.1 సెకనుకు తగ్గించాను. అప్పటినుంచి ‘ఉప్పు’ని ‘ఉపు’ అన్నట్టు, ‘ముక్కలు’ని ‘ముకలు’ అన్నట్టు వినిపిస్తోంది. మైకు పాడైందంటారా?
– ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: మీ మైకుకి ఏమీ కాలేదమ్మా. చిక్కంతా ఆ 0.1లో ఉంది. మీ ఉత్తరం చదివాక నేనూ ఫోన్లో ‘ఉప్పు’ అని రికార్డు చేసి, టైమ్‌లైన్ మీద వేసి, బాగా సాగదీసి చూశాను. ముందు ‘ఉ’ గుట్టలా లేచింది. తర్వాత గీత నేలకి అంటుకుపోయి దాదాపు నాలుగు ఫ్రేముల సేపు (వీడియోలో ఒక్కో బొమ్మే ఒక ఫ్రేము) అలాగే ఉంది. ఆపైన ముల్లులాంటి సన్నటి గీటు, దాన్ని ఆనుకుని రెండో గుట్ట.

నేలకి అంటుకుపోయిన ఆ భాగం ఖాళీ కాదు, అదే ‘ప్ప’. పెదవులు మూసి గాలి బిగబట్టినంతసేపూ శబ్దం బయటికి రాదు. వదలగానే వచ్చేది ఆ ముల్లు. ఒంటి ‘ప’కి పెదవులు ఇలా మూసి అలా తెరుస్తాం. ఒత్తు ఉంటే ఇంకాసేపు బిగబడతాం. ‘ఉప్పు’ని ‘ఉపు’ కాకుండా కాపాడేది చాలామటుకు ఆ నిశ్శబ్దం పొడవే. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో నాలుగు ఫ్రేములంటే 0.16 సెకను. 0.1 దాటిన ఖాళీని తీసెయ్యమన్నారు, సాఫ్ట్‌వేరు తీసేసింది. పప్పు, అట్టు, చిక్కుడు, పచ్చడి అన్నిటికీ ఇదే గతి. ‘అమ్మ’, ‘ఉల్లి’ లాంటి మాటలు మాత్రం బతికిపోతాయి. ‘మ్మ’ అన్నంతసేపూ ముక్కులోంచి గొంతు మోగుతూనే ఉంటుంది కాబట్టి గీత నేలకి దిగదు. మీ వీడియోలోనే ఈ రెండు రకాల మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి, వెంటనే తెలుస్తుంది.

ఖాళీ నిడివిని 0.4 లేదా 0.5 సెకనుకు పెంచండి. కత్తిరించే చోట మాటకి ముందూ వెనకా 0.15 సెకను వదిలెయ్యమని చెప్పే సెట్టింగ్ కూడా ఉంటుంది, అదీ వాడండి. ఇంకొకటి, ఎంత చిన్న శబ్దాన్ని నిశ్శబ్దంగా లెక్కెయ్యాలో చెప్పే హద్దు. దీన్ని చాలామంది పట్టించుకోరు. వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు దించడం మనకి అలవాటు. ‘వేసుకోండి’లో ‘వేసుకో’ నిండుగా లేస్తుంది, ‘ండి’ దగ్గర గీత సన్నబడిపోతుంది. హద్దు మైనస్ 30 డెసిబెల్స్ దగ్గర ఉంటే ఆ ‘ండి’ కాస్తా ఎగిరిపోయి, చూసేవాళ్లని ఏకవచనంలో పిలిచినట్టవుతుంది. మైనస్ 40 నుంచి మైనస్ 45 మధ్య పెట్టి చూడండి. ఈ ఉక్కలో ఫ్యాన్ ఆపి వంట చెయ్యమని నేను చెప్పను. రికార్డింగ్ మొదట్లో ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఉండండి. అక్కడ శబ్దం కొలిచే మీటరు ఎంత చూపిస్తే దానికి కాస్త పైన హద్దు పెట్టుకుంటే సరిపోతుంది.

నన్నడిగితే, పది నిమిషాల వంట వీడియోకి చేత్తో కత్తిరించుకోవడమే మేలు. ఊపిరి తీసుకున్న చోట్లు కొన్ని వదిలితేనే మనిషి మాట్లాడినట్టు ఉంటుంది.

ప్రశ్న: విశాఖ కళాభారతి ఆడిటోరియంలో మా అమ్మాయి కూచిపూడి ప్రదర్శనని వెనక వరుసలోంచి కెమెరాతో తీశాను. వేదిక మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి ఆడియో విడిగా తీసుకున్నాను. రెండు వేవ్‌ఫామ్‌లూ గీతకి గీత సరిపోయేలా కలిపాను. అయినా అడుగు పడ్డాక తాళం వినిపిస్తోంది.
– పెందుర్తి నుంచి

జవాబు: కలపడంలో మీ పొరపాటు లేదు. శబ్దానికి వేదిక నుంచి మీ దాకా రావడానికి కొంత సమయం పడుతుంది. మన విశాఖ వేడికి అది సెకనుకు సుమారు 350 మీటర్లు వెళ్తుంది. ఒక ఫ్రేము, అంటే 0.04 సెకను గడిచేలోపు 14 మీటర్లు. మీరు వేదికకి 28 మీటర్ల దూరంలో ఉంటే కెమెరా మైకుకి శబ్దం రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. బొమ్మకి ఆ ఆలస్యం ఉండదు. మిక్సర్ ఆడియోలో కూడా ఉండదు, కానీ దాన్ని తెచ్చి ఆలస్యంగా వచ్చిన గీతకి జత చేశారు కదా, అదీ ఆలస్యమైపోయింది.

వేవ్‌ఫామ్‌తో కలిపాక మిక్సర్ ట్రాక్‌ని ఒకటి రెండు ఫ్రేములు ఎడమకి జరపండి. కెమెరా ఆడియోని మ్యూట్ చెయ్యండి, లేదంటే ఒకే తాళం రెండుసార్లు పడినట్టు వినిపిస్తుంది. ఎన్ని ఫ్రేములు జరపాలో పాదాన్ని చూసి తేల్చుకోండి. తట్టుమెట్టు అడుగు గట్టిగా పడిన చోట ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, పాదం నేలని తాకిన ఫ్రేము దగ్గరే ముల్లు మొదలయ్యేలా పెట్టండి. నాట్యం చివరి ముక్తాయింపు దగ్గర కూడా ఒకసారి సరిచూడండి. మొదట్లో కుదిరి చివర్లో జారుతోందంటే కారణం వేరు. రెండు పరికరాల గడియారాలూ కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. గంట కార్యక్రమమైతే పాటకో ముక్క చేసి విడివిడిగా కలుపుకోండి. ఫోనుతో తీసేవాళ్లకి ఇంకో తంటా ఉంది. చాలా ఫోన్లలో ఫ్రేముల వేగం వెలుతురుని బట్టి మారుతూ ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకున్నాకే ఎడిటింగ్ మొదలుపెట్టాలి.

ప్రశ్న: ఆడియో కత్తిరించిన చోటల్లా చిన్నగా ‘టక్’ మంటోంది.
– విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: గీత పైకో కిందికో ఉన్నప్పుడు కోస్తే అక్కడినుంచి ఒక్కసారిగా వేరే ఎత్తుకి దూకుతుంది. ఆ దూకుడే ‘టక్’. వీడియో సాఫ్ట్‌వేర్ మామూలుగా ఫ్రేము హద్దులో మాత్రమే కొయ్యనిస్తుంది. 48,000 హెర్ట్జ్ ఆడియోలో ఒక్క ఫ్రేములో 1,920 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన బిందువులు) ఉంటాయి, అందుకే గీత మధ్యరేఖని దాటే చోటు, అంటే కోసినా దూకుడు ఉండని చోటు, మన చేతికి దొరకదు. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో టైమ్ యూనిట్స్ ఆన్ చేస్తే శాంపిల్ దాకా వెళ్లొచ్చు. అంత దూరం వెళ్లే ఓపిక లేకపోతే ప్రతి కోత మీదా రెండు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతూ రెండోది పెరిగేలా కలపడం) వెయ్యండి. రోజువారీ పనిలో నేను చేసేది అదే.

ప్రశ్న: రుషికొండ బీచ్‌లో మాట్లాడుతూ తీసిన వీడియోలో వేవ్‌ఫామ్ ట్రాక్ నిండా దిమ్మలా ఉంది. వాల్యూమ్ తగ్గించినా బుడబుడమంటోంది. బాగు చెయ్యొచ్చా?
– గాజువాక నుంచి

జవాబు: ముందు గీతని సాగదీసి శిఖరాలు చూడండి. అవి గుండ్రంగా ఉంటే ఆశ ఉంది. కత్తితో చెక్కినట్టు చదునుగా ఉంటే శబ్దం సున్నా డెసిబెల్స్ కప్పుకి తగిలి, ఆ పైభాగం అసలు రికార్డే కాలేదన్నమాట. వాల్యూమ్ తగ్గిస్తే ఆ చదును కిందికి దిగుతుందే కానీ గుండ్రంగా మారదు.

శిఖరాలు గుండ్రంగా ఉంటే అది చాలావరకు గాలి దెబ్బే. శబ్దం ఎంత పెద్దదో వేవ్‌ఫామ్ చెబుతుంది, సన్నటిదో బొంగురుదో చెప్పదు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో అదే ఆడియోని స్పెక్ట్రోగ్రామ్‌లో (బొంగురు శబ్దాలు అడుగున, సన్నటివి పైన కనిపించే పటంలో) చూస్తే గాలి అడుగున మడ్డిలా పేరుకుని కనిపిస్తుంది. 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (ఆ హద్దుకి కింది బొంగురు శబ్దాల్ని తగ్గించేది) వెయ్యండి. అంతకన్నా పైకి పోతే మగగొంతు పలచబడుతుంది. అలల హోరు మాత్రం అన్ని స్థాయుల్లోనూ పరుచుకుని ఉంటుంది కాబట్టి ఏ ఫిల్టరూ పూర్తిగా తియ్యలేదు. నేనైతే తియ్యను కూడా, రుషికొండలో సముద్రం వినపడాలి.

ఈసారి వెళ్లినప్పుడు మైకుకి బొచ్చు తొడుగు వేసి, నోటికి జానెడు దూరంలో పెట్టుకుని, గాలి వచ్చే వైపు వీపు పెట్టి నిలబడండి. మామూలుగా మాట్లాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడితే, ఉన్నట్టుండి వచ్చే గాలి విసురుకి పైన చోటు ఉంటుంది.