గర్భం లేని స్లైడ్‌లో డెసిడ్యువా కణాలు ఎందుకున్నాయంటే

నెలసరి చక్రంలో 26వ రోజు తీసిన గర్భాశయ స్లైడ్‌లో, ఆవిడకు గర్భం లేకపోయినా, డెసిడ్యువా కణాలు (గర్భం కోసం ఉబ్బి మారిన గర్భాశయ లోపలి పొర కణాలు) ఉన్నాయి, లేబుల్ మారిపోయిందా అని అడిగారు కదా. మీరు ఎలుక బొమ్మ చూసి మనిషి స్లైడ్ చదువుతున్నట్టున్నారు. ఎలుకలో పిండం వచ్చి తాకాకే గర్భాశయ పొర మారుతుంది. మనిషిలో పిండం వచ్చినా రాకపోయినా ఆ మార్పు నెలనెలా మొదలవుతుంది. గర్భం లేని ఆవిడ 26వ రోజు స్లైడ్‌లో ఆ కణాలు కనిపించడం మామూలే. టెన్షన్ పడకండి, లేబుల్ మారిపోలేదు.

28 రోజుల చక్రంలో వరుస ఇదీ:

1. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది.

2. అందరూ దాటేసేది ఇక్కడే. మార్పు పొర అంతటా ఒకేసారి రాదు. 23వ రోజు ప్రాంతంలో మెలికల ధమనుల (ఈ పొరకు రక్తం తెచ్చే మెలితిరిగిన నాళాలు) చుట్టూ మొదలవుతుంది. ముందు తక్కువ పవర్‌లో ధమనిని పట్టుకోండి, తర్వాత దాని అంచు చూడండి. కదురులా సన్నగా ఉండాల్సిన కణాలు గుండ్రంగా ఉబ్బి, లేత గులాబీ సైటోప్లాజమ్‌తో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. లోపల గ్లైకోజెన్ (చక్కెర దాచుకునే రూపం) నిల్వ.

3. 25వ రోజుకు ఉపరితల ఎపిథీలియం (పొరను పైన కప్పే కణాల వరుస) కింద కూడా కనిపిస్తాయి.

4. పిండం అతుక్కుంటే దాని నుంచి వచ్చే హెచ్‌సీజీ హార్మోన్ కార్పస్ లూటియాన్ని (అండం విడుదలయ్యాక అండాశయంలో ప్రొజెస్టిరాన్ తయారుచేసే భాగం) నిలబెడుతుంది. ప్రొజెస్టిరాన్ తగ్గదు, మార్పు పొరంతా పాకుతుంది. లేదంటే ప్రొజెస్టిరాన్ పడిపోయి, పై పొర బహిష్టులో రాలిపోతుంది.

ధమని గోడలో కండరం పోయి అది వెడల్పు కావడం వేరే సంగతి. అది పూర్తవ్వాలంటే పిండం వైపు నుంచి ట్రోఫోబ్లాస్ట్ కణాలు (మాయను ఏర్పరిచేవి) రావాలి. మీ స్లైడ్‌లో దాన్ని వెతకకండి. ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగే జబ్బు) పాఠంలో వచ్చేది ఆ భాగమే.