కంటి కథను చెవికి చెప్పడమెలా?

ప్రశ్న: మేము పదకొండుమంది మిత్రులం. సూపర్‌హీరో చిత్రాల మీద ఉన్న ఇష్టమే మమ్మల్ని కలిపింది. మాకు బాగా నచ్చిన మూడు చిత్రాల కథను ఆరు భాగాల శ్రవ్య నాటకంగా మలచాలని పూనుకుని, మొదటి భాగం రికార్డు చేశాము. అందులో నాలుగు నిమిషాల పోరాట సన్నివేశం ఉంది. ఆ చిత్రాలు చూడనివారికి వినిపిస్తే, దెబ్బలూ పేలుళ్లూ తప్ప ఏమీ తెలియలేదన్నారు. వ్యాఖ్యాతను పెట్టి జరుగుతున్నదంతా చెప్పించాము. ఈసారి క్రీడా వ్యాఖ్యానం విన్నట్టుందన్నారు. మేము ఎక్కడ పొరబడ్డాము?
— ఒక పాఠకురాలు

జవాబు: పొరపాటు మీ రికార్డింగులో జరగలేదు, అంతకుముందే స్క్రిప్టులో జరిగింది. చిత్రంలోని సన్నివేశాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని అందులోంచి బొమ్మను తొలగించారు. ఆ ఖాళీని మొదట శబ్దాలతోనూ, అది కుదరకపోయేసరికి వ్యాఖ్యాత మాటలతోనూ పూడ్చాలని చూశారు. చెవికి గుద్దు అంటే గుద్దే. అది ఎవరి పిడికిలో, ఎవరి దవడో శబ్దం చెప్పలేదు. అందువల్ల ప్రతి సన్నివేశం రాయడానికి కూర్చునే ముందు, దీనిని శ్రోత ఎవరి పక్కన నిలబడి వింటున్నాడన్నది తేల్చుకోవాలి. అది తేలితే, ఏ శబ్దం ఉండాలో, ఏది అక్కరలేదో చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. కూలుతున్న వంతెన అంచున ఒక బస్సు వేలాడుతోంది. కథానాయకుడు ఎగిరివచ్చి దానిని పైకెత్తాలి. తెర మీద ఇది బయటినుంచి చూసే దృశ్యం. మీరు శ్రోతను బస్సు లోపల, ఆఖరి వరుసలో ఉన్న ఒక అమ్మాయి పక్కన కూర్చోబెట్టండి. ఇనుము మూలుగుతూ ఉంటుంది. ఎవరో గొణుక్కుంటూ ప్రార్థిస్తూ ఉంటారు. అమ్మాయి చేతిలోంచి స్టీలు నీళ్ల సీసా జారిపడి, సీట్ల కాళ్లకు తగులుకుంటూ ముందుకు దొర్లుతుంది. ఆ దొర్లుడు వేగం పుంజుకుంటున్నకొద్దీ బస్సు ముందుకు ఒరిగిపోతోందని ఎవరూ చెప్పనక్కరలేదు. సీసా డ్రైవరు ముందున్న అద్దానికి ఠంగుమని తగిలి ఆగుతుంది. రెండు మూడు సెకన్లు ఏ చప్పుడూ ఉండదు. ఆ తరువాత అదే సీసా, మెల్లగా, వెనక్కి దొర్లడం మొదలుపెడుతుంది. అమ్మాయి ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తే చాలు, బస్సును ఎవరో ఎత్తారని శ్రోతకు తెలిసిపోతుంది. ఇందులో వ్యాఖ్యాత లేడు, పేలుడు లేదు, కథానాయకుడు ఒక్క మాటైనా మాట్లాడలేదు.

సంభాషణల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. “చూడు, అతని చేతిలో మెరుస్తున్న గొలుసు ఉంది” అని ప్రాణాపాయంలో ఉన్న మనిషి ఎవరితోనూ అనడు. “ఆ గొలుసు ముట్టుకోకు, చెయ్యి కాలిపోతుంది” అని మాత్రం అరుస్తాడు. రెండో వాక్యంలో గొలుసూ ఉంది, దాని స్వభావమూ ఉంది, చెప్పేవాడి భయమూ ఉంది. మీ స్క్రిప్టులోని వర్ణనలన్నింటినీ హెచ్చరికగానో, ఆజ్ఞగానో, బతిమాలడంగానో మార్చగలరేమో చూడండి. మారనివాటిలో సగం అవసరం లేనివే అయివుంటాయి.

ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదు. 1940 ఫిబ్రవరిలో అమెరికాలో సూపర్‌మ్యాన్ రేడియో ధారావాహిక మొదలైనప్పుడు ఆ బృందానికి ఎదురైనదీ ఇదే. సూపర్‌మ్యాన్ మామూలు వేళల్లో క్లార్క్ కెంట్ అన్న విలేకరిగా తిరుగుతాడు. అందులో ఆ రెండు రూపాలకూ గొంతునిచ్చిన నటుడు బడ్ కోలియర్, క్లార్క్ కెంట్‌గా సన్నని స్వరంతో మొదలుపెట్టిన వాక్యాన్ని మధ్యలోనే బరువైన స్వరంలోకి దించి సూపర్‌మ్యాన్‌గా ముగించేవాడు. వేషం మార్చుకునే దృశ్యమంతా ఆ స్వరం దిగడంలోనే ఉండేది. “అప్, అప్ అండ్ అవే” (పైకి, ఇంకా పైకి) అన్న ప్రసిద్ధమైన కేక కూడా సూపర్‌మ్యాన్ గాలిలోకి లేచాడని శ్రోతకు తెలియజేయవలసిన అవసరంలోంచి పుట్టినదే. క్లార్క్ పనిచేసే పత్రిక సంపాదకుడు పెరీ వైట్, అక్కడి కుర్ర ఉద్యోగి జిమ్మీ ఓల్సెన్ అన్న పేర్లు మొదట వినిపించింది ఆ రేడియోలో; సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే క్రిప్టోనైట్ అన్న ఖనిజం 1943లో మొదట రేడియోలోనే ప్రవేశించి, ఆ తరువాత కామిక్ పుస్తకాలలోకి వెళ్లింది. చెవి కోసం కల్పించినవి మూలకథలోనే స్థిరపడిపోయాయి. అందుచేత చిత్రంలో లేని పాత్రను గానీ, చిన్న సన్నివేశాన్ని గానీ చేర్చడానికి మీరు సంకోచించవద్దు. నాయకుడు ఒంటరిగా తిరిగే ఘట్టాలు మీ కథలో ఎక్కువగా ఉంటే, అతనితో మాట్లాడే తోడు ఒకటి కల్పించి తీరాలి.

వ్యాఖ్యాతను పూర్తిగా తీసేయమని నేను చెప్పను. సన్నివేశం మొదట్లో స్థలమూ కాలమూ చెప్పడానికి రెండు వాక్యాలు పలికి తప్పుకునే వ్యాఖ్యాత వల్ల నష్టం లేదు. ఆ మాటలు కథలో ఏదో పోగొట్టుకున్న పాత్ర నోట వస్తే మరీ మంచిది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. మూడు చిత్రాలను ఆరు భాగాల్లో ఇమడ్చడం నాకు కుదిరే పనిగా కనిపించడం లేదు. 1981లో అమెరికా నేషనల్ పబ్లిక్ రేడియో స్టార్ వార్స్ మొదటి చిత్రాన్ని 13 భాగాలుగా ప్రసారం చేసింది. రెండు గంటల చిత్రం దాదాపు ఆరు గంటల నాటకమైంది. తెర మీద ఒక్క చూపుతో తేలే విషయానికి చెవి దగ్గర ఒక సంభాషణ కావలసివస్తుంది. మూడు చిత్రాల్లోనూ నడిచే ఒకే ఒక్క బంధాన్ని, గురుశిష్యులదో, అన్నదమ్ములదో, ఎంచుకుని దాని వెంటే వెళ్లండి. మిగిలిన యుద్ధాలు పాత్రల మాటల్లో వార్తలుగా వస్తే చాలు.

ప్రశ్న: మేము చేస్తున్న నాటకాన్ని ఉచితంగానే వినిపిస్తాము. ప్రకటనలు ఉండవు, విరాళాలు అడగము. అయినా చిత్ర నిర్మాణ సంస్థ అనుమతి తీసుకోవాలా? చిత్రంలోని నేపథ్య సంగీతాన్ని వాడుకోవచ్చునా?
— ఒక పాఠకుడు

జవాబు: డబ్బు తీసుకోకపోవడం మంచి నిర్ణయమే గానీ, అంతమాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఒక కృతిని మరో రూపంలోకి మలిచే అనుసరణ హక్కు హక్కుదారుదేనని కాపీరైటు మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం చెబుతుంది. ఆ ఒప్పందంలో ఉన్న దేశాల చట్టాలూ దానిని గుర్తిస్తాయి. నాటకం మొదట్లో “ఇది అభిమానులు చేసినది, ఎవరి హక్కులకూ భంగం కలిగించే ఉద్దేశం మాకు లేదు” అని చదివినా ఆ హక్కు మీకు దఖలు పడదు. చాలామంది హక్కుదారులు ఇటువంటి చిన్న ప్రయత్నాలను చూసీచూడనట్టు వదిలేస్తారన్నది నిజమే. అయితే అది వారి ఔదార్యం. ఏ రోజైనా ఆపమని చెప్పవచ్చు, చెబితే వెంటనే ఆపడానికి మీరు సిద్ధంగా ఉండాలి.

ఔదార్యానికి హద్దు ఎక్కడ ఉంటుందో తెలుసుకోవడానికి స్టార్ ట్రెక్ అన్న అమెరికా అంతరిక్ష ధారావాహిక ఉదంతం పనికివస్తుంది. ఒక అభిమాన బృందం ప్రజల విరాళాలతో భారీ చిత్రం తలపెట్టినప్పుడు, 2015 డిసెంబరులో హక్కుదారు సంస్థలు దావా వేశాయి. ఆ మరుసటి ఏడాది అవే సంస్థలు అభిమానుల చిత్రాలకు మార్గదర్శకాలు ప్రకటించాయి: ఒక కథ 15 నిమిషాలు, రెండు భాగాలైతే మొత్తం 30 నిమిషాలు మించకూడదు, సేకరించే విరాళాలు 50,000 డాలర్లు దాటకూడదు. ఆ నియమాలు ఆ సంస్థల పాత్రలకు, అందులోనూ చలనచిత్రాలకు ఉద్దేశించినవి కాబట్టి మీకు నేరుగా వర్తించవు. మీరు ఎంచుకున్న పాత్రల హక్కుదారులు అటువంటి నియమావళి ఏదైనా ప్రకటించారేమో ముందు చూసుకోండి. లేకపోతే లేఖ రాసి అడగండి. ఈ చిక్కులేవీ వద్దనుకుంటే, మీకు ఆ చిత్రాల్లో నచ్చిన గుణాలతో మీ సొంత కథానాయకుణ్ణి సృష్టించుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ దారి పట్టినవారిని నేను మనసారా మెచ్చుకుంటాను.

చిత్రంలోని సంగీతాన్ని మాత్రం ముట్టుకోకండి. స్వరరచనకు ఒక హక్కు, దాని రికార్డింగుకు మరొక హక్కు ఉంటాయి. ఆ రెండూ వేర్వేరు చేతుల్లో ఉండవచ్చు. కర్తలే ముందుగా అనుమతి ఇచ్చి ఉంచే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో దొరికే సంగీతమూ శబ్దాలూ వాడుకోవచ్చు గానీ, ఆ లైసెన్సులన్నీ ఒకటి కావు: ఒకదానికి షరతులేమీ ఉండవు, ఒకదానికి కర్త పేరు చెప్పాలి, మరొకటి వ్యాపారానికి పనికిరాదు. వాడిన ప్రతి శబ్దానికీ పేరు, ఎక్కడ దొరికింది, ఏ లైసెన్సు అన్నవి ఒక పట్టికలో మొదటిరోజునుంచే రాసుకోండి. చివర్లో వెతుక్కోవడం చాలా కష్టం.

కృత్రిమ మేధతో ఆ చిత్రాల నటుల గొంతులను తయారుచేసి వాడుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి అక్కడే విరమించండి. గొంతు ఆ మనిషిది. అతని సమ్మతి లేకుండా అతని చేత మాటలు పలికించడం అభిమానం అనిపించుకోదు.

ప్రశ్న: మా బృందంలో ఎవరి ఇంట్లో వారు రికార్డు చేసి పంపుతున్నారు. కలిపి వింటే పాత్రలు ఒకే చోట ఉన్నట్టు అనిపించడం లేదు. అందరూ ఖరీదైన మైకులు కొనాల్సిందేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: మైకు కన్నా గది ఎక్కువ తేడా తెస్తుంది. గోడలు బోడిగా ఉన్న గదిలో ఎంత మంచి మైకైనా ప్రతిధ్వనినీ పట్టేస్తుంది, ఆ ప్రతిధ్వనిని తరువాత ఎడిటింగులో తుడిచివేయడం దాదాపు అసాధ్యం. బట్టల అలమారా తలుపులు తెరిచి దానికి అభిముఖంగా, వెనక ఒక మందపాటి దుప్పటి వేలాడదీసి చదవమనండి. నోటికీ మైకుకూ మధ్య ఒక జానెడు దూరం ఉండాలి. మైకును కాస్త పక్కకు జరిపితే ప, బ, ఫ అక్షరాల ఊపిరి దెబ్బ తగలదు. అందరూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతలో, శబ్దాన్ని కుదించని వేవ్ ఫైళ్లే పంపాలి. ఫోనుతో రికార్డు చేసేవారు అందులోని శబ్ద నివారణ సదుపాయాన్ని ఆపివేయాలి. రికార్డింగు మీటరులో శబ్ద స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి. ప్రతి ఫైలు మొదట్లో ముప్పై సెకన్లపాటు ఏమీ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయమనండి. మాటల మధ్య అతుకులు వేసేటప్పుడు ఆ నిశ్శబ్దమే అక్కరకు వస్తుంది.

ఇవన్నీ సరిచేసినా పాత్రలు కలవకపోతే లోపం నటనలో ఉందని గ్రహించాలి. ఎదుటి గొంతు వినకుండా చదివిన మాట ఎదుటివారికి జవాబుగా వినిపించదు. అందుచేత సన్నివేశంలో ఉన్నవారందరూ ఒకేసారి ఫోను కాల్‌లో చేరి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కలిసి నటించాలి. ఎవరి గొంతును వారు తమ దగ్గర విడిగా రికార్డు చేసుకోవాలి. ఎగురుతూ మాట్లాడే సన్నివేశమైతే, పెనుగాలి శబ్దాన్ని నటుడి చెవుల్లో వినిపిస్తూ చదివించండి. గదిలో నింపాదిగా చదివిన మాటకు తరువాత ఎంత గాలి జోడించినా, ఆ మనిషి గదిలోనే ఉన్నట్టు వినిపిస్తుంది. గాలిని మించి వినబడాలని గొంతు తన్నుకువచ్చినప్పుడే అతడు ఆకాశంలో ఉంటాడు. అరుపులకు ఒక బారెడు వెనక్కి జరగాలి, వాటిని చివరగా పెట్టుకోవాలి, లేదంటే మిగతా మాటలకు గొంతు మిగలదు. బరువు ఎత్తేటప్పటి ఊపిరి, దెబ్బ తిన్న మూలుగు, పడి లేచే ఆయాసం వంటివి ఒక జాబితాగా రాసి విడిగా రికార్డు చేయించండి.

చిన్న చిన్న శబ్దాలు మీరే చేసుకుంటే ఎంతో ఆనందంగా ఉంటుంది. తోలు సంచిలో మొక్కజొన్న గంజిపొడి (కార్న్‌స్టార్చ్) పోసి నొక్కితే మంచులో అడుగుల చప్పుడు వస్తుంది. సెలెరీ అన్న ఆకుకూర కాడను విరిస్తే ఎముక విరిగినట్టుంటుంది. తోలు చేతి తొడుగులు జతగా విదిలిస్తే రెక్కలు కొట్టుకున్న చప్పుడు వస్తుంది. సినిమాల శబ్ద కళాకారులు ఈ ఉపాయాలను ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. చివరి మిశ్రమాన్ని మంచి హెడ్‌ఫోన్లలో ఒకసారి, మామూలు ఫోను స్పీకరులో మరోసారి వినండి. రెండోదానిలో మాట తెలియకపోతే సంగీతం తగ్గించండి.

ప్రశ్న: మా నాటకంలో ప్రతినాయకుడి పాత్ర ధరించే మిత్రుడు సగం మాటలు రికార్డు చేసి పంపాడు. రెండు నెలలుగా ఏ సందేశానికీ జవాబు లేదు. పదిమంది శ్రమ ఆగిపోయింది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు

జవాబు: గడువు తేదీ చెబుతూ నిందలేమీ లేని ఒక్క సందేశం పంపండి, ఏదైనా కష్టంలో ఉన్నారేమో మనకు తెలియదు. ఆ తేదీ దాటితే పాత్రను మరొకరికి ఇచ్చి మొదటినుంచీ రికార్డు చేయించండి. సగం ఒక గొంతు, సగం మరో గొంతు శ్రోత సహించడు. ఇకమీదట ఒక భాగంలోని గొంతులన్నీ చేతికి వచ్చేవరకు దాని ఎడిటింగు మొదలుపెట్టకండి. పాత మిత్రుడి గొంతు నాటకంలో లేకపోయినా, చేసిన పనికి ఆయన పేరు చివరి కృతజ్ఞతల్లో చదవండి. తిరిగి వస్తే వెంటనే ఇవ్వగలిగేలా, తరువాతి భాగంలో పది వాక్యాల చిన్న పాత్ర ఒకటి అట్టిపెట్టండి.