గ్లోబల్ సెక్యూరిటీ చదవాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: బీటెక్ సీఎస్‌ఈ చివరి ఏడాదిలో ఉన్నాను. పీజీలో గ్లోబల్ సెక్యూరిటీ వైపు వెళ్ళాలనుంది. నేర్చుకున్న కోడింగ్ పనికొస్తుందా? మన దేశంలో ఎక్కడుంది?
– విద్యార్థి, గుంటూరు

జ: ఇది సైబర్ సెక్యూరిటీ కాదండీ, రాజనీతిశాస్త్రం ఇంటి బిడ్డ. అణ్వస్త్ర ఒప్పందాలు, అంతర్యుద్ధాలు, ఆయుధ వ్యాపారం, భద్రతామండలి రాజకీయాలు ఇందులోకి వస్తాయి. 1994 నాటి ఐరాస మానవాభివృద్ధి నివేదిక తర్వాత ఆహారం, ఆరోగ్యం, పర్యావరణం కూడా భద్రత లెక్కలోకే చేరాయి. వారానికి వందల పేజీలు చదవాలి, వ్యాసాలు రాయాలి. అది ఇష్టం లేకపోతే ఇటు రాకపోవడమే మంచిది. పైథాన్, ఆర్ ప్రోగ్రామింగ్ భాషలు వచ్చినవాళ్ళకు డేటాతో చేసే పేపర్లలో మాత్రం మంచి పట్టు దొరుకుతుంది.

మన దగ్గర ఢిల్లీ జేఎన్‌యూలో అంతర్జాతీయ అధ్యయనాల స్కూల్ ఉంది. పుణె, మద్రాస్ యూనివర్సిటీల్లో డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ విభాగాలున్నాయి. జేఎన్‌యూకి సీయూఈటీ పీజీ (పీజీ కోర్సుల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి: ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. చాలామంది దెబ్బతినేది పేపర్ కోడ్ దగ్గర. మీకు కావలసిన కోర్సు ఏ కోడ్ అడుగుతోందో ముందు యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లో చూసుకుని, ఆ తర్వాతే ఫారం నింపండి. వేరే పేపర్ రాస్తే ఎన్ని మార్కులొచ్చినా ఆ కోర్సుకు చెల్లవు.

ప్ర: మా అమ్మాయికి గ్లాస్గోలో ఎమ్మెస్సీ గ్లోబల్ సెక్యూరిటీ సీటు వచ్చింది. అప్పు చేసి పంపించవచ్చా? అక్కడ ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక తల్లి, వరంగల్

జ: ఏడాది కోర్సమ్మా. మొత్తం 180 క్రెడిట్లలో 60 చివర్లో రాసే పరిశోధన వ్యాసానికే, అంటే డిసర్టేషన్‌కే. చదువయ్యాక గ్రాడ్యుయేట్ రూట్ వీసాపై రెండేళ్ళు ఉండొచ్చు. కానీ 2027 జనవరి 1 నుంచి ఆ వీసాకు అప్లై చేసేవారికి 18 నెలలే. కోర్సు ఎప్పుడు ముగుస్తుందో చూసి లెక్క వేసుకోండి. బ్రిటిష్ నిఘా సంస్థల ఉద్యోగాలు ఆ దేశ పౌరులకే. మనవాళ్ళకు మిగిలేవి పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల రిస్క్ విశ్లేషణ. పోటీ గట్టిగా ఉంటుంది. ఇల్లు తాకట్టు పెట్టి పంపే కోర్సు కాదన్నది మా అభిప్రాయం.

స్కాలర్‌షిప్ ఉంటే సంగతి వేరు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కు రెండేళ్ళ పని అనుభవం (2,800 గంటలు) కావాలి, చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. ఇంటి డబ్బే చూపించేట్లయితే వీసాకు ముందు వరుసగా 28 రోజులు ఖాతాలో ఆ మొత్తం కదలకుండా ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా వీసా తిరస్కరించవచ్చు. ఖాతా మీ పేరు మీదుంటే అమ్మాయి జనన ధ్రువపత్రం, మీ అంగీకార పత్రం జత చేయాలి.

ప్ర: భారత్ ఆయుధ దిగుమతులపై టర్మ్ పేపర్ రాశాను. సిప్రి (స్టాక్‌హోం అంతర్జాతీయ శాంతి పరిశోధన సంస్థ) డేటాబేస్ అంకెలే వాడినా, ‘టీఐవీని డాలర్లుగా రాశారు’ అని సార్ మార్కులు కోసేశారు. తేడా ఏమిటి?
– ఎం.ఏ. విద్యార్థిని, హైదరాబాద్

జ: సార్ చేసింది సబబే. సిప్రి ‘ట్రెండ్ ఇండికేటర్ వాల్యూ’ (టీఐవీ) ఎవరు ఎంత చెల్లించారో చెప్పదు, చేతులు మారిన సైనిక సామర్థ్యాన్ని కొలుస్తుంది. ఒక రకం ఆయుధం తయారీకి అయ్యే ఖర్చు ఆధారంగా దానికో విలువ కడతారు. ఉచితంగా ఇచ్చినా, అధిక ధరకు అమ్మినా ఆ విలువ మారదు. వాడిన ఆయుధమైతే కొత్తదానిలో 40 శాతం, బాగా మరమ్మతు చేసి ఇస్తే 66 శాతం కడతారు. అందుకే టీఐవీని రక్షణ బడ్జెట్‌తో భాగించి ‘ఇంత శాతం దిగుమతులకే’ అని రాస్తే పేపర్ అక్కడే కూలిపోతుంది.

రెండో పొరపాటు తేదీలది. సిప్రి లెక్క సరకు చేరిన ఏడాదిది, సంతకం పెట్టిన ఏడాదిది కాదు. 36 రఫేల్‌ల ఒప్పందం 2016లో జరిగింది, అంబాలాలో మొదటి విమానాలు దిగింది 2020 జులైలో. విక్రమాదిత్య లాంటి విమానవాహక నౌక చేరిన ఏడాది గ్రాఫ్ అమాంతం లేస్తుంది. దాన్ని చూసి ఆ ఏడాది విధానం మారిందనుకోకూడదు. సిప్రి అయిదేళ్ళ మొత్తాలను పోల్చేది ఇందుకే. మన దిగుమతుల్లో రష్యా వాటా 2010–14లో 72 శాతం, 2015–19లో 55, 2020–24లో 36. మీ పేపర్‌కు అసలు బలం ఈ మూడు అంకెల్లోనే ఉంది. పాత ఏళ్ళ అంకెలను కూడా సిప్రి సవరిస్తుంటుంది కాబట్టి డౌన్‌లోడ్ చేసిన తేదీ తప్పక రాయండి.

ఘర్షణల డేటా వాడేటప్పుడూ ఇదే జాగ్రత్త. స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీ డేటాబేస్ ఏడాదికి కనీసం 25 యుద్ధ మరణాలు ఉంటేనే సాయుధ ఘర్షణగా లెక్కిస్తుంది. ఎక్లెడ్ అనే మరో ఘర్షణల డేటాబేస్ నిరసన ప్రదర్శనలను కూడా నమోదు చేస్తుంది. రెండింటినీ ఒకే పట్టికలో కలపొద్దు.

ప్ర: సివిల్స్‌కు పనికొస్తుందా?
– అభ్యర్థి, కర్నూలు

జ: పీఎస్ఐఆర్ (రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు) ఆప్షనల్ రెండో పేపర్‌కు చాలావరకు. మొదటి పేపర్‌కు, అంటే రాజకీయ సిద్ధాంతాలకు, భారత ప్రభుత్వ వ్యవస్థకు, విడిగా చదవాల్సిందే.

ప్ర: బ్రిటన్‌లో చదువుతున్నాను. ఉగ్రవాద సంస్థల ప్రచారంపై డిసర్టేషన్. వాళ్ళ మాన్యువళ్ళు, వీడియోలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చా?
– విద్యార్థి, లీడ్స్

జ: ఇప్పటికైతే ఆగండి. అక్కడి టెర్రరిజం చట్టం, 2000లోని 58వ సెక్షన్ ఉగ్రవాదులకు ఉపయోగపడే సమాచారం దగ్గర ఉంచుకోవడాన్నే నేరం అంటుంది. 2019 సవరణతో ఆన్‌లైన్‌లో చూడటమూ అందులోకి వచ్చింది, గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. విద్యా పరిశోధనకు మినహాయింపు ఉంది గానీ, మీది పరిశోధనేనని చూపే కాగితం మీ దగ్గరుండాలి. 2008లో నాటింగ్‌హామ్‌లో అల్‌ఖైదా మాన్యువల్ వ్యవహారంలో ఒక పీజీ విద్యార్థి, ఒక యూనివర్సిటీ ఉద్యోగి, ఈ ఇద్దరినీ అరెస్టు చేసి, రోజుల తరబడి నిర్బంధించి, ఉగ్రవాద అభియోగాలేమీ లేకుండానే వదిలారు.

ముందు గైడ్‌తో మాట్లాడి ఎథిక్స్ ఫారం (పరిశోధనకు యూనివర్సిటీ అనుమతి కోరే దరఖాస్తు) వేయండి. అందులో ‘సెక్యూరిటీ సెన్సిటివ్’ అంశమని స్పష్టంగా రాయండి. అనుమతి వచ్చాక యూనివర్సిటీ ఇచ్చే సురక్షిత సర్వర్‌లోనే ఫైళ్ళు తెరవండి. సొంత ల్యాప్‌టాప్, ఫోన్, క్లౌడ్ వద్దు. ఫార్మాటింగ్ సాయం కోసమైనా స్నేహితుడికి వాట్సాప్‌లో పంపొద్దు, అతనికి మీ అనుమతి వర్తించదు.